బయట పడేసే ముందు ఫొటో తియ్యి తమ్ముడూ

హ్యూస్టన్‌లో నీళ్లు దిగగానే "అన్నా, వరదలో పాడైన సామాను సిటీ లారీ ఎత్తుకెళ్లడానికి రోడ్డు పక్కన పెట్టాలట, ఏది ఏ కుప్పలో వెయ్యాలి" అని అడిగావు గానీ, ఫ్లడ్ ఇన్సూరెన్స్ ఉందో లేదో ఒక్క ముక్క రాయలేదు. మిర్యాలగూడ వాడివి, పైసల సంగతి ముందు అడుగుతావనుకున్నా!

2017లో హార్వీ తుఫాను వచ్చినప్పుడు మా ఇంట్లో మోకాళ్ల దాకా నీళ్లు. మాది అలంపూర్ దగ్గర ఊరు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర మీద పడితే మావాళ్లు బురద ఎత్తిపోసి, మంచాలు కడిగి మళ్లీ వాడుకున్నారు కాబట్టి నాకన్నీ తెలుసనుకున్నా. కార్పెట్, షీట్‌రాక్ (ఇక్కడి ఇళ్ల గోడలకి కొట్టే జిప్సం పలకలు), ఫ్రిజ్‌లో కుళ్లిన కూరలు, పెయింట్ డబ్బాలు అన్నీ నల్ల సంచుల్లో కుక్కి, పైన విరిగిన కొమ్మలు వేసి రోడ్డు పక్కన గుట్ట పోశా. లారీ పక్కింటి గుట్ట ఎత్తుకుని, అన్నీ కలిపేసిన నాది వదిలేసి పోయింది. సరే, ముక్కు మూసుకుని విప్పి వేరు చేశా, ఆ గొడవ తీరింది. అసలు దెబ్బ అడ్జస్టర్ (నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్స్ వాడు) వచ్చాక తగిలింది. ఏ రకం కార్పెట్, ఫ్రిజ్ మోడల్ ఏంటి అంటే చెప్పడానికి నా దగ్గర ఏముంది? సామాను క్లెయిమ్ బాగా కోసేశారు.

అందుకని సామాను గుమ్మం దాటకముందే ప్రతి గదీ, గోడ మీద నీటి గీత, ఫ్రిజ్ లోపల అంటించిన మోడల్, సీరియల్ నంబర్ల స్టిక్కర్ ఫొటో తియ్యి. కార్పెట్ అరచేయంత కోసి జిప్‌లాక్ కవర్లో వేసి పైన గది పేరు రాయి. అడ్జస్టర్ కోసం తడి కార్పెట్ మాత్రం లోపల ఉంచకు, ఒకట్రెండు రోజుల్లో బూజు మొదలవుతుంది.

కుప్పలంటావా, కొమ్మలు, ఇంట్లోంచి పీకేసినవి (షీట్‌రాక్, కార్పెట్ లాంటివి), ఫ్రిజ్-వాషర్లు, టీవీలు, పెయింట్-పురుగుమందులు, మామూలు చెత్త, దేనికదే. మీటర్, హైడ్రంట్ (ఫైర్ ఇంజన్ వాళ్లు నీళ్లు పట్టే గొట్టం), డ్రైన్ దగ్గర వెయ్యకు. మిగతాది సిటీ సైట్‌లో చూసుకో.

మామూలు ఇంటి ఇన్సూరెన్స్ వరదకి పైసా ఇవ్వదు. ప్రభుత్వ ఫ్లడ్ పాలసీలో ఇంటికి 2,50,000 డాలర్లు, సామానుకి 1,00,000 దాకా ఉంటుంది, కానీ రెండూ విడివిడిగా తీసుకోవాలి, మనవాళ్లు చాలామంది ఇంటికే తీసుకుని ఊరుకుంటారు. నష్టం కాగితాలకి మామూలుగా 60 రోజులే గడువు. మొత్తం అడ్వాన్స్ అడిగే కాంట్రాక్టర్‌ని గేటు దగ్గరే పంపించెయ్. పాలసీ మొదటి పేజీ ఫొటో ఇవాళే నాకు పంపు, సామానుకి ఉందో లేదో చూసి చెబుతా.