ఒకవాంగో చనిపోలేదు

అమ్మాయీ,

ఒకవాంగో నది మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొకోరో పడవను గడకర్రతో నెట్టే ముసలాయన గురించి రాసిన పేరా బాగుంది. చివర్లో మాత్రం "సముద్రాన్ని చేరలేక ఒకవాంగో ఎడారిలో ప్రాణాలు విడిచింది" అన్నావు. అక్కడ నాకు నిజంగానే కోపం వచ్చింది.

నది గురించి రాసేవాళ్ళు ముందు నేల గురించి తెలుసుకోవాలి. నలభై ఏళ్ళుగా ఇదే చెబుతున్నాను. ఒకవాంగో అంగోలా పీఠభూమిలో పుట్టి, నమీబియాను ఓ మూలగా దాటి బోట్స్వానాలోకి వస్తుంది. అక్కడ గుమారే, థమలకానే అనే రెండు భ్రంశాల (నేల చీలి జరిగిన పగుళ్ళ) మధ్య నేల కుంగిపోయి ఉంది. తూర్పు ఆఫ్రికాను చీలుస్తున్న పగులు లోయ కొస ఇక్కడిదాకా పాకిందని భూగర్భ శాస్త్రవేత్తలు అంటారు. ఆ పల్లంలో వాలు కిలోమీటరుకు ఒక అడుగు ఉంటే గొప్ప. అందుకే నది పాయలుగా విచ్చుకుని డెల్టాగా పరుచుకుంటుంది. వచ్చిన నీళ్ళలో నూటికి 95 వంతులకు పైగా ఎండకూ, చెట్లకూ పోతాయి.

ఈ సంగతులన్నీ నా మొదటి వ్యాసంలో రాశాను. అప్పట్లో బోట్స్వానా రాజధాని గబొరోన్‌లో లెక్కల టీచరుగా ఉండేవాణ్ణి. స్కూలు వదిలాక, కరెంటు పోయినా లాంతరు పెట్టుకుని నాలుగుసార్లు తిరగరాశాను. ఒక ఎడిటర్ భ్రంశాల పేరా మొత్తం కొట్టేసి, పైన "నదీమతల్లి కన్నీరు" అని హెడ్డింగ్ పెట్టాడు. పాఠకులకు ఫీలింగ్స్ కావాలట! ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. నది అనగానే తల్లి, కన్నీళ్ళు. ఈ ఫ్యాషన్ ఎప్పుడు పోతుందో.

ఆ డెల్టాలో ఓ లంక మీద దిగాను. అంచు చుట్టూ పచ్చటి చెట్లు. నడిమధ్యలో గడ్డిపరక లేదు, నేలంతా తెల్లటి పొర. వేలితో తీసి నాలుకకు రాసుకుంటే వంటసోడా రుచి. పక్కనే పాయలో దోసిలి ముంచి తాగితే నీళ్ళు తియ్యగా ఉన్నాయి. సముద్రంలోకి దారి లేని నీళ్ళు ఉప్పెక్కాలి కదా? చెట్లు నీటిని పీల్చుకుని ఉప్పును లంక నడుమ నేల కిందే వదిలేస్తాయి. అలాంటి లంకలు చాలావరకు ఒకప్పటి చెదపుట్టలే. పుట్ట చుట్టూ మన్ను చేరి, చెట్టు మొలిచి లంక అయింది. ఎడారి మధ్యలో ఇంత పని చేస్తున్న నదిని పట్టుకుని చనిపోయిందంటావా?

ఇంకోటి. జూలైలో డెల్టా కింది అంచున ఉన్న మౌన్ పట్టణంలో కుండపోత వాన అని రాశావు. అక్కడ జూలైలో చుక్క పడదు. జనవరి, ఫిబ్రవరుల్లో అంగోలాలో పడ్డ వాన నెలల తరబడి పాకుతూ వచ్చి, ఎండాకాలమంత పొడిగా ఉన్న ఆ రోజుల్లో మౌన్ చేరుతుంది. అక్కడి ఎండిన థమలకానే నది అడుగున జనం నిలబడి, నురగ, ఆకులు తోసుకుంటూ వచ్చే ఆ మొదటి నీటి కోసం ఎదురుచూస్తారు. నేనూ చెప్పులు చేతపట్టుకుని నిలబడ్డాను. ముందు ఇసుక తడిసి రంగు మారింది, తర్వాత నా వేళ్ళ మధ్యకు నీళ్ళు వచ్చాయి.

వ్యాసం అంగోలా వానతో మొదలుపెట్టి మళ్ళీ పంపు.