కాల్చే ప్లాంటుకు ఒప్పుకునే ముందు

చి.సౌ. పద్మకు పెదనాన్న ఆశీస్సులు.

మన ఊరి చెత్తను కరెంటు తీసే ప్లాంటుకు ఇచ్చే అంశం వచ్చే కౌన్సిల్ మీటింగు అజెండాలో ఉందని, చైర్‌పర్సన్‌గా ఏం చెయ్యాలో తేలక టెన్షన్‌గా ఉందని ఫోన్లో అన్నావు. శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా నేను చూసింది, తెలుసుకున్నది రాస్తున్నాను.

ముందు చెత్తను తూకం వేయించమ్మా. మార్కెట్ వైపు నుంచి ఒక బండి, అపార్ట్‌మెంట్ల నుంచి ఒకటి, బస్తీ నుంచి ఒకటి టార్పాలిన్ మీద గుమ్మరించి, తడి, పొడి వేరుచేసి వారం పాటు కాటా పెట్టించు. పండగ వారం వద్దు, అరటి పిలకలు, పూలు లెక్క చెడగొడతాయి. వానాకాలంలో మళ్లీ చేయించు. మన ఊళ్లలో సగం, అంతకు పైన కూడా తడి చెత్తే ఉంటుంది. అది పొయ్యిలో పడితే అందులోని నీరు ఆవిరవడానికే వేడంతా పోతుంది. 1987లో ఢిల్లీ తిమార్‌పూర్‌లో డెన్మార్క్ పరిజ్ఞానంతో రోజుకు 300 టన్నులు కాల్చే ప్లాంటు కట్టారు. వచ్చిన చెత్తలో కావలసిన వేడిలో సగం కూడా లేక 21 రోజులకే ఆగిపోయింది.

తర్వాత ఒప్పందం చదువు. రోజుకు ఇన్ని టన్నులు ఇవ్వాలి, తగ్గితే జరిమానా అనే షరతు ఉందేమో వెతుకు. ఏళ్ల తరబడి అలా కట్టుబడితే, తడి చెత్తను ఎరువు చేసినా, అట్టలూ సీసాలూ అమ్మినా మనకే నష్టం. బాగా మండేది కాగితం, ప్లాస్టిక్. చెత్త ఏరుకునేవాళ్ల కూడు కూడా అదే. వాళ్ల సంగతి ఏ ప్రతిపాదనలోనూ రాయరు, నువ్వే అడగాలి.

కాల్చాక బరువులో నాలుగో వంతు దాకా బూడిద మిగులుతుంది. ఫిల్టర్లలో చేరే సన్న బూడిదలో సీసం, కాడ్మియం లాంటి విష లోహాలు ఉంటాయి. అది ఎక్కడికి పోతుందో రాతపూర్వకంగా ఇమ్మను. పొగ 850 డిగ్రీలకు తగ్గకుండా కనీసం రెండు సెకన్లు ఉండకపోతే డయాక్సిన్లు అనే విష పదార్థాలు మిగిలిపోతాయి. వాటి పరీక్ష ఎన్నాళ్లకోసారి చేస్తారో, ఫలితాలు జనానికి చూపిస్తారో లేదో కూడా అడుగు.

కాల్చడం పూర్తిగా తప్పని నేను అనను. చిరిగిన బట్టలు, తెగిన చెప్పులు, మురికి కవర్లు ఎవరూ కొనరు. అవి డంపింగ్ యార్డులో అంటుకుని రాత్రంతా ఊరిమీద పొగ చిమ్మేకంటే ఫిల్టర్లున్న పొయ్యిలో కాలడం నయం. అంతవరకే ఇవ్వు. తడి చెత్త మాత్రం ఊళ్లోనే ఉండాలి. కేరళలో ఆలప్పుళ వీధుల్లో కంపోస్ట్ తొట్లు, ఇళ్లలో బయోగ్యాస్ పెట్టి చూపించింది. ఇండోర్ 2022 నుంచి రోజుకు 550 టన్నుల తడి చెత్తతో గ్యాస్ తీస్తోందంటే, గుమ్మం దగ్గరే వేరు చేయించబట్టే.

ఈ మీటింగులో ఆ అంశం వాయిదా వేయించు. ఒప్పందం తెలుగు కాపీ కౌన్సిలర్లందరికీ ఇమ్మని కమిషనర్‌గారికి ఈరోజే లెటర్ పెట్టు. తూకానికి మార్కెట్ యార్డు కాటా అడుగు, కాదనరు.

ఇట్లు,
పెదనాన్న