ఎండకు, చలికి తట్టుకునే ఎలక్ట్రానిక్స్‌లో ప్రొఫెసర్ కెరీర్ ఎలా ఉంటుంది?

నల్గొండలో ఈసీఈ చదువుతున్నానని, చంద్రుడి మీదకీ శుక్రుడి మీదకీ పనికొచ్చే ఎలక్ట్రానిక్స్ చేసే ప్రొఫెసర్లు రోజంతా ఏం చేస్తారని అడిగావు. తమ్ముడూ, నేను ప్రొఫెసర్ని కాను, కానీ ముప్పై ఏళ్లు ఆ పనిలోనే ఉన్న ఒక సార్ దగ్గర పీహెచ్‌డీ చేశాను.

ముందు మా ఇంటి సంగతి చెప్తా. మిర్యాలగూడ దగ్గర నాన్నది మోటార్ వైండింగ్ షాపు. 2018 జనవరిలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు రాకముందు, కరెంటు ఏ అర్ధరాత్రి వస్తుందో తెలియక చాలా బోర్ల దగ్గర ఆటో స్టార్టర్లు పెట్టేవాళ్లు, అవేమో నీడలేని చోట రేకు డబ్బాల్లో ఉండేవి, ఏప్రిల్ వచ్చిందంటే బోర్డులు సంచిలో వేసుకుని షాపుకి వచ్చేవాళ్లు. అందరిదీ ఒకటే మాట, ఐసీ, అంటే చిప్పు, పోయిందని. విప్పితే ఐసీ బాగానే ఉండేది. కెపాసిటర్ నెత్తి ఉబ్బి ఉండేది, లేదంటే రిలే కాలు చుట్టూ డ్రై సోల్డర్ (పట్టు వదిలిన అతుకు), వెంట్రుకంత పగులు. వేలితో నొక్కితే మోటార్ ఆన్, వదిలితే ఆఫ్.

సార్ ముప్పై ఏళ్ల పని కూడా ఇంచుమించు ఇదే. వేడి ఒక్కటే చంపదు, వేడెక్కి చల్లారడం చంపుతుంది. ఒక్కో డిగ్రీ వేడికి చిప్పులోని సిలికాన్ పది లక్షల్లో మూడు వంతులు కూడా సాగదు, కింద బోర్డేమో 14 నుంచి 17 వంతులు సాగుతుంది, మధ్యలో నలిగేది సోల్డరే.

చిప్పు సంగతి వేరే. బాగా వేడెక్కితే సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు వాటంతటవే విడిపోయి, ఆఫ్‌లో ఉన్న ట్రాన్సిస్టర్ నుంచీ కరెంటు కారుతుంది. శుక్రుడి మీద 460 డిగ్రీలు, 1982లో దిగిన సోవియట్ నౌక వెనెరా 13 పనిచేసింది 127 నిమిషాలే, అదీ గట్టి పెట్టెలో దాచుకుని. నాసా గ్లెన్ పరిశోధన కేంద్రం వాళ్లు సిలికాన్ కార్బైడ్ చిప్పుల్ని ఏ కవచమూ లేకుండా అలాంటి వేడి, ఒత్తిడి ఉన్న ఛాంబర్‌లో పెడితే 521 గంటలు నడిచాయి. చలికి దారి మళ్లీ వేరు, అమెరికాలోని జార్జియా టెక్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ జాన్ క్రెస్లర్ బృందం చంద్రుడి కోసం మైనస్ 180 నుంచి 120 డిగ్రీల దాకా పనిచేసేలా సిలికాన్ జెర్మేనియం సర్క్యూట్లు చేసింది. ఆ ట్రాన్సిస్టర్లు చల్లబడేకొద్దీ ఇంకా బాగా పనిచేస్తాయి! మన చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ 2023 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగి, అక్కడి పద్నాలుగు రోజుల పగటిలో దాదాపు పన్నెండు రోజులు పనిచేసి, ఆ రాత్రి తర్వాత మళ్లీ లేవలేదు, గుర్తుందిగా.

ఇక రోజువారీ పని బోరు కొడుతుంది, దాచను. బోర్డుని ఛాంబర్‌లో పెట్టి మైనస్ 55 డిగ్రీల నుంచి 125కి, మళ్లీ కిందికి, గంటకో సైకిల్, వెయ్యి సైకిళ్లంటే దాదాపు 42 రోజులు. తర్వాత బోర్డు కోసి, పాలిష్ పట్టి, మైక్రోస్కోప్ కింద పగులు ఎటు పాకిందో చూడాలి. ఏడాదికో పేపర్ వస్తే గొప్ప. డబ్బు కోసం ప్రపోజల్స్ రాయడానికే సార్ టైమ్ సగం పోయేది (ఇస్రో రెస్పాండ్ పథకం చూసుకో, కాలేజీలకు నిధులిస్తారు). తొందరగా ఫలితం కావాలనుకునేవాళ్లు ఇటు రావద్దనే చెప్తాను.

నా మొదటి టెస్ట్ 31వ రోజున ఆగిపోయింది, ల్యాబ్ యూపీఎస్ చచ్చిపోయి. విప్పి చూశాం, లోపల కెపాసిటర్ నెత్తి ఉబ్బి ఉంది. నాకు నవ్వొచ్చింది, సార్‌కి రాలేదు. మర్నాడు మళ్లీ ఒకటో సైకిల్.