రీసెట్ పిన్నును ఒక్క కెపాసిటర్‌కే వదిలేయకు

చిరంజీవి శ్రీనుకు,

కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఈఈప్రామ్‌లో (కరెంటు పోయినా డేటా నిలిచే మెమరీ) సెట్టింగులు పాడవుతున్నాయని రాశావు. ప్రోగ్రాం జోలికి ఇప్పుడే వెళ్లకు, ముందు రీసెట్ (చిప్‌ని మొదటి నుంచి మొదలుపెట్టించే సిగ్నల్) సంగతి చూడు. నీ సర్క్యూట్లో ఏటీమెగా 328పి మైక్రోకంట్రోలర్ రీసెట్ పిన్నుకి 10 కిలో ఓంల రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు తప్ప ఇంకేం లేవు. వాటి టైమ్ కాన్‌స్టంట్ (కెపాసిటరు ఎంత వేగంగా నిండుతుందో చెప్పే కాలం) 1 మిల్లీసెకండే. సప్లై 50 మిల్లీసెకండ్లు తీసుకుని నెమ్మదిగా లేస్తే కెపాసిటరు కూడా దాంతోపాటే లేస్తుంది. వోల్టేజి 3కి జారి మళ్లీ 5కి వచ్చినా రీసెట్ పడదు.

నష్టమంతా ఆ జారుడులోనే. డేటాషీట్ ప్రకారం 10 మెగాహెర్ట్జ్‌కి కనీసం 2.7 వోల్టులు, 20కి 4.5 ఉండాలి. ఆ లెక్కన నీ 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌కి సుమారు 3.8 కావాలి. అంతకంటే తగ్గితే చిప్ ఆగిపోతుందనుకోకు, తప్పుగా నడుస్తుంది. ఆ తప్పు నడకలో ఈఈప్రామ్‌లో చెత్త రాసేస్తుంది.

పైసా ఖర్చు లేని పని ముందు చేయి. ఎక్స్‌టెండెడ్ ఫ్యూజు (కాలిపోయే ఫ్యూజు కాదు, చిప్ లోపలి సెట్టింగు బైటు) చదివి చూడు. హెక్స్‌లో ఎఫ్‌డి ఉంటే బ్రౌన్అవుట్ (వోల్టేజి తగ్గితే చిప్ తనంతట తానే రీసెట్ అయ్యే హద్దు) 2.7 వోల్టుల దగ్గర ఉన్నట్టు, అది నీ క్లాకుకి చాలదు. ఎఫ్‌సి రాస్తే 4.3కి వస్తుంది. హై ఫ్యూజులో రీసెట్ డిజేబుల్ బిట్ మాత్రం ముట్టుకోకు, ముట్టుకుంటే ఐఎస్‌పీతో (చిప్ బోర్డు మీద ఉండగానే ప్రోగ్రాం చేసే పద్ధతి) మళ్లీ ప్రోగ్రాం చేయలేవు.

సప్లై నెమ్మదిగా లేచే బోర్డు కాబట్టి బయట సూపర్‌వైజర్ ఐసీ (వోల్టేజిని గమనిస్తూ, తగ్గితే రీసెట్ వేసే చిప్) కూడా పెట్టు. మాక్స్ 809 కాదు, 803 తెప్పించు. 809 అవుట్‌పుట్ పుష్-పుల్, అంటే లైనుని పైకీ కిందికీ తనే లాగుతుంది; ప్రోగ్రామర్ రీసెట్‌ని కిందికి లాగితే రెండూ కొట్టుకుంటాయి. 803ది ఓపెన్ డ్రెయిన్, అంటే కిందికి మాత్రమే లాగుతుంది; పైకి లాగడానికి నీ 10 కిలో ఓంల పుల్అప్ రెసిస్టరు దానికి సరిపోతుంది. ఏ వోల్టేజి దగ్గర రీసెట్ వేస్తుందో చెప్పే చివరి అక్షరం చూసి కొను: ఎల్ 4.63, ఎమ్ 4.38. రిలే పడ్డప్పుడు సప్లై కాస్త కుంగే నీ బోర్డుకి ఎల్ పెడితే ఊరికే రీసెట్లు పడతాయి. ఎమ్ తీసుకో. వోల్టేజి కోలుకున్నాక కూడా కనీసం 140 మిల్లీసెకండ్లు రీసెట్‌ని పట్టి ఉంచుతుంది. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు ఆ ఐసీ కాళ్ల పక్కనే పెట్టు.

ఇంకో మాట. ఈఈప్రామ్‌లో ఒక బైటు రాయడానికి 3.4 మిల్లీసెకండ్లు పడుతుంది. మధ్యలో రీసెట్ పడినా వోల్టేజి నిలిస్తే ఆ రాత పూర్తవుతుంది. చిప్ 20 మిల్లీఆంప్స్ లాగుతుంటే 1 వోల్టు తగ్గేలోపు అది ముగియడానికి సప్లై మీద 68 మైక్రోఫారడ్ల కెపాసిటరు చాలు. నువ్వు 470 పెట్టు, రిలే కాయిల్‌ని మాత్రం ఆ లైను మీద పెట్టకు.

రీసెట్‌లో పోర్టు పిన్నులు తేలిపోతాయి, అంటే పైకీ కిందికీ కాకుండా వదిలేసినట్టు ఉంటాయి. రిలే ట్రాన్సిస్టర్ బేస్ నుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓంలు లేకపోతే మోటారు దానంతటదే ఆన్ కావచ్చు. ఇది వాయిదా వేయొద్దు, ఆ రెసిస్టరు ఈ వారమే పెట్టు.

మీ బాబాయి