మారిషస్‌కు వెళ్తున్న అమ్మాయికి

ప్రశ్న: మా అమ్మాయికి మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఉద్యోగం వచ్చింది. అక్కడ మన తెలుగువాళ్లున్నారు కాబట్టి ఇబ్బంది ఉండదని అందరూ అంటున్నారు. మీరు అక్కడ కాపురం చేసి వచ్చారని గతంలో రాశారు. ఆ మనుషులతో కలిసిపోవాలంటే అమ్మాయికి ఏం చెప్పి పంపాలి?
- ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మనవాళ్లున్నారన్న ధీమాతో మాత్రం విమానం ఎక్కనివ్వకండి. ఉన్నారు, నిజమే. ఉగాదికి ఆ దేశంలో ప్రభుత్వ సెలవు. సింహాద్రి అప్పన్నకు పూజ చేస్తారు, రామభజనలు చేస్తారు. కానీ వాళ్ల ముత్తాతలు ఎక్కువగా గోదావరి, విశాఖ, గంజాం వైపు నుంచి ఓడలెక్కినవాళ్లు. మన కృష్ణా, గుంటూరుతో చుట్టరికం తక్కువ. ఇప్పుడు ఇళ్లలో మాట్లాడేది క్రియోల్, ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి వాడుక భాష. ‘తెలుగువాళ్లయ్యుండి తెలుగు రాదా?’ అని ఇక్కడినుంచి వచ్చినవాళ్లు అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. అమ్మాయిని నాలుగు క్రియోల్ ముక్కలు నేర్చుకోమనండి, కూరగాయల బజారులోనే పనికొస్తాయి.

మనకింకో జబ్బుంది: ఇంటిపేరు అడిగి కులం కూపీ లాగడం. అక్కడ ఆ పప్పులుడకవు. నాడు కూలికి వచ్చినవాడి సొంత పేరును గుమాస్తా ఎలా రాసుకుంటే అదే చాలామందికి ఇంటిపేరై కూర్చుంది. లక్ష్మయ్య అన్నది ఇంటిపేరుగా ఉన్నవాళ్లు కూడా కనిపిస్తారు.

పాత కథలు వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా ఆగాలి. మా పక్కింటావిడతో చాలాకాలం కూరలు, పిల్లల చదువులు తప్ప వేరే మాటల్లేవు. ఒకనాడు ఆవిడే ఒక కాగితం పట్టుకొచ్చింది. మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో నాటి వలస కూలీల రికార్డులు భద్రంగా ఉన్నాయి. అందులోంచి తెచ్చుకున్న ముత్తాత వివరాల నకలు అది. నంబరు, వయసు, ఒంటిమీద గుర్తులు. జిల్లా విజగపటం, అంటే మన విశాఖపట్నం, అని తెలుస్తోంది, ఊరి పేరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో గజిబిజి. ఇద్దరం నేలమీద పటం పరుచుకుని రకరకాలుగా పలికి చూశాం. దొరకలేదు. మా స్నేహం మాత్రం ఆ రోజుతోనే ముదిరింది.

ఆఫీసుకు సెలవు దొరకగానే పోర్ట్ లూయిస్‌లోనే ఉన్న ఆప్రవాసీ ఘాట్, అంటే నాటి కూలీలు ఓడ దిగిన రేవు, చూడమనండి. 1834 నుంచి 1920 దాకా దాదాపు అయిదు లక్షలమంది కూలి ఒప్పందాల మీద ఆ దీవికి వచ్చారు. అక్కడితో ఆపేసి ఇంటికొస్తే నాకు కోపం. నైరుతి మూలనున్న ల మోర్న్ కొండకూ వెళ్లాలి. పారిపోయిన బానిసలు తలదాచుకున్న కొండ అది. 1835లో బానిసత్వం రద్దయింది. అది రద్దవుతుందని తెలిసి, చేతులు కరువవుతాయని చెరకు తోటల దొరలు ముందునుంచే మనవాళ్లను తెచ్చుకోవడం మొదలుపెట్టారు. కాబట్టి అమ్మాయి పక్క కుర్చీలో ఆఫ్రికా మూలాలున్న సహోద్యోగి ఉంటే, ఈ కథలో అతని వాళ్లది ముందు అధ్యాయం. బానిసత్వం రద్దయిన ఫిబ్రవరి 1న, కూలీలు వచ్చిన నవంబరు 2న, రెండు రోజులూ సెలవే.

1810లో ఫ్రెంచివాళ్ల దగ్గర దీవిని గుంజుకున్న ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచి భాష జోలికీ చట్టాల జోలికీ పెద్దగా పోలేదు. అందుకే పార్లమెంటులో ఇంగ్లీషు, పత్రికల్లో ఎక్కువగా ఫ్రెంచి.

చాగోస్ దీవుల మాట ఎవరైనా ఎత్తితే మధ్యలో ఫోను చూసుకోవద్దనండి. 1968లో స్వాతంత్య్రం ఇవ్వబోయే ముందు, 1965లోనే బ్రిటన్ ఆ దీవులను మారిషస్ నుంచి విడదీసింది. తర్వాత అక్కడివాళ్లను వెళ్లగొట్టి, వాటిలోని డీగో గార్సియా దీవిని అమెరికా సైనిక స్థావరానికి ఇచ్చింది. ఆ విడదీత చట్టబద్ధం కాదని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. అక్కడ అది చరిత్ర పాఠం కాదు, ఇవాళ్టి గొడవ.

ప్రశ్న: శాకాహారులకు తిండి దొరుకుతుందా?
- అదే తండ్రి

జవాబు: రోడ్డుపక్కన పప్పు పూరీలు జంటగా మడిచి, చిక్కుడు గింజల కూర, పచ్చడి వేసి ఇస్తారు. పప్పు రుబ్బి వేసే ‘గాతో పిమా’ మన మసాలా వడకు చెల్లెలు. దాన్ని వెన్న రాసిన బ్రెడ్డులో పెట్టుకుని తింటారు. గుంటూరు నాలుకకు కారం చాలదు కాబట్టి ఒక డబ్బా కారప్పొడి సర్దండి.