యాభై దాటిన మగవారిలో టెస్టోస్టిరాన్ తగ్గితే కారణం వయసేనా?

మీకు యాభై రెండేళ్లనీ, షుగరు ఉందనీ, సాయంత్రం ఇచ్చిన రక్తంలో టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోను డెసిలీటరుకు 262 నానోగ్రాములు, దాని తయారీని పురమాయించే ఎల్‌హెచ్ అనే హార్మోను 3.1 వచ్చాయనీ రాశారు. ఇది వయసు ప్రభావమేనా, ఇంజెక్షన్లు మొదలుపెట్టవచ్చునా అని అడిగారు. ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, వయసు ఒక్కటే కారణమని నాకు అనిపించడం లేదు. నేను కడపలో జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. దాదాపు ఇలాంటి రిపోర్టే నాకూ వచ్చింది కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

మెదడులోని హైపోథాలమస్ విడతలు విడతలుగా పంపే సంకేతాన్ని అందుకుని పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్‌ను విడుదల చేస్తుంది. అది వృషణాల్లోని లేడిగ్ కణాల చేత టెస్టోస్టిరాన్ తయారు చేయిస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఆ కణాల సామర్థ్యం తగ్గుతుంది కనుక, నడివయసు నుంచి టెస్టోస్టిరాన్ ఏడాదికి సుమారు 1 శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది. దాన్ని పట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రోటీను కూడా పెరగడం వల్ల, శరీరానికి నేరుగా ఉపయోగపడే భాగం ఇంకా వేగంగా తగ్గుతుంది. అప్పుడు పిట్యూటరీ, అలసిన ఎద్దును అదిలించే సేద్యగాడిలా, ఎల్‌హెచ్‌ను పెంచుతుంది. ముసలితనంలో హైపోథాలమస్ సంకేతాలూ కొంత బలహీనపడతాయి కాబట్టి ఆ పెరుగుదల మరీ ఎక్కువగా ఉండకపోవచ్చు. అయినా ఎల్‌హెచ్ మీ రిపోర్టులో ఉన్నంత తక్కువగా ఉందంటే, లోపం వృషణాల్లో కాక పైస్థాయిలో, అంటే హైపోథాలమస్‌లోనో పిట్యూటరీలోనో ఉందేమోనని చూడాలి.

ఊబకాయం, టైప్ 2 మధుమేహం సరిగ్గా ఈ పైస్థాయినే మందగింపజేస్తాయి. పైగా వీటిలో ఎస్‌హెచ్‌బీజీ తగ్గిపోవడం వల్ల మొత్తం అంకె ఉన్నదానికన్నా అధ్వానంగా కనిపిస్తుంది. యూరప్‌లో 40 నుంచి 79 ఏళ్ల మగవారిని పరిశీలించి 2010లో వెలువరించిన అధ్యయనంలో, లక్షణాలతో కూడిన నిజమైన లోపం సుమారు 2 శాతం మందిలోనే కనిపించింది. వయసు పైబడిన ప్రతివారికీ ఇంజెక్షను అవసరమన్న ప్రచారాన్ని నేను నమ్మకపోవడానికి ఇదొక కారణం.

నా మొదటి రక్తమూ సాయంత్రమే తీశారు. టెస్టోస్టిరాన్ ఉదయం ఎక్కువగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది కనుక, ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల వైద్యుడు) దాన్ని పక్కన పెట్టి, వేర్వేరు రోజుల్లో ఉదయం పరగడుపున మళ్లీ ఇమ్మన్నారు. అంకె పెరిగింది గానీ ఎల్‌హెచ్ మాత్రం అలాగే ఉంది. పిట్యూటరీ విడుదల చేసే ప్రొలాక్టిన్ అనే మరో హార్మోను ఎక్కువైతే హైపోథాలమస్ సంకేతం అణగిపోతుందని అదీ చేయించారు, అది మామూలుగానే వచ్చింది. నిద్ర సంగతి అడిగినప్పుడు నాకన్నా ముందు నా భార్య, “గురక పెడుతూ పెడుతూ ఊపిరే ఆగిపోతుంది సార్, భయమేసి తట్టి లేపుతాను” అని చెప్పింది. నిద్ర పరీక్షలో స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు) తేలింది, చికిత్స మొదలైంది. రాత్రి అన్నం మాని జొన్నరొట్టెకు మారాను, తెల్లవారుజామున దేవుని కడప వైపు నడక పెట్టుకున్నాను. బరువు బాగా తగ్గిన తర్వాత చేసిన పరీక్షలో టెస్టోస్టిరాన్‌తో పాటు ఎల్‌హెచ్ కూడా పెరిగింది. ఏ ఇంజెక్షనూ తీసుకోలేదు.

బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఇస్తే పిట్యూటరీ ఎల్‌హెచ్‌నూ, వీర్యకణాల తయారీకి తోడ్పడే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోనునూ ఆపేస్తుంది, వీర్యకణాల ఉత్పత్తి పడిపోతుంది. మానేశాక తిరిగి కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు. రక్తం చిక్కబడే ప్రమాదమూ ఉంది కనుక హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 54 శాతం దాటితే చికిత్స ఆపుతారు. నిజంగా లోపం ఉన్నవారికి అది మేలు చేసే మందే, కాదనను. కానీ నిర్ధారణ ముందు జరగాలి.

అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2018లో సూచించిన కనీస హద్దు 264. మీ సాయంత్రపు 262 దానికి ఆనుకునే ఉంది. కాబట్టి పది గంటల లోపు, పరగడుపున, రెండు వేర్వేరు రోజుల్లో పరీక్ష చేయించి, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, ఎస్‌హెచ్‌బీజీ కూడా చూపించండి. ఎల్‌హెచ్ పెరగకుండా టెస్టోస్టిరాన్ 150 కన్నా తగ్గినా, ప్రొలాక్టిన్ ఎక్కువగా వచ్చినా, తలనొప్పితో పాటు పక్కచూపు మసకబారినా, పిట్యూటరీలో గడ్డ ఉందేమో తెలుసుకోవడానికి ఎమ్మారై అవసరమవుతుంది. అందులో ఆలస్యం చేయకండి.