సమాధానం: యాక్సెస్‌లో బోల్డ్, రంగులు పోయి ట్యాగులు కనిపిస్తుంటే

పాత యాక్సెస్ (మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ ప్రోగ్రామ్) ఫైల్లోని వివరణల కాలమ్‌ను కొత్త ఫైల్లోకి తెస్తే బోల్డ్, రంగులు పోయి డివ్, స్ట్రాంగ్ అని ట్యాగులు కనిపిస్తున్నాయన్నారు కదా. కంగారు పడకండి, ఫార్మాటింగ్ ఎక్కడికీ పోలేదు. రిచ్ టెక్స్ట్‌ను, అంటే బోల్డ్, రంగులున్న రాతను, యాక్సెస్ దాచుకునేదే హెచ్‌టీఎంఎల్‌గా, అంటే వెబ్ పేజీల్లో వాడే ట్యాగుల రూపంలో. మీ కొత్త ఫీల్డు దాన్ని మామూలు అక్షరాలనుకుని ఉన్నదున్నట్టు చూపిస్తోంది, అంతే.

ఇప్పుడు డిజైన్ వ్యూలోకి (టేబుల్ ఫీల్డుల అమరిక మార్చే చోటికి) వెళ్లి టెక్స్ట్ ఫార్మాట్‌ను రిచ్ టెక్స్ట్‌గా మార్చేస్తే సరిపోతుందనిపిస్తుంది. చిక్కంతా అక్కడే. డేటా ఉన్న ఫీల్డును అలా మారిస్తే యాక్సెస్ ఆ ట్యాగులను కూడా మామూలు రాతగా భావించి ఎన్‌కోడ్ చేసేస్తుంది, అంటే అవి ట్యాగులుగా పనిచేయకుండా అక్షరాలుగానే కనిపించే కోడ్‌గా మార్చేస్తుంది. మార్చిన తర్వాత కూడా ట్యాగులే కనిపిస్తాయి. అప్పటికే మార్చేసి ఉంటే, ముందు ఫైలు కాపీ తీసుకుని, ఆ ఫీల్డు మీద ప్లెయిన్‌టెక్స్ట్ ఫంక్షన్‌తో (ఇది ఒక పొర కోడ్‌ను తీసేస్తుంది) ఒక అప్‌డేట్ క్వెరీ, అంటే ఉన్న డేటాను మార్చే క్వెరీ నడపండి. ఒక్కసారే సుమా! రెండోసారి నడిపితే అసలు ఫార్మాటింగే ఊడిపోతుంది.

ఇంకా మార్చకపోతే నా ఓటు వేరే దారికి. ఖాళీ టేబుల్ తయారుచేసి, లాంగ్ టెక్స్ట్ ఫీల్డుకు ముందే రిచ్ టెక్స్ట్ పెట్టి, అపెండ్ క్వెరీతో (ఒక టేబుల్ డేటాను ఇంకో టేబుల్‌కు చేర్చే క్వెరీ) డేటా పంపండి. ఆ క్వెరీలో గ్రూప్ బై (వరుసలను గుంపులుగా చేసేది), డిస్టింక్ట్ (ఒకేలాంటి వరుసలను తీసేసేది) లాంటివి వాడొద్దు, పొడవాటి రాత 255 అక్షరాల దగ్గర తెగిపోతుంది.

ఫారమ్‌లోని టెక్స్ట్ బాక్సుకు టెక్స్ట్ ఫార్మాట్ విడిగా ఉంటుంది, అదీ మార్చండి. ఎక్సెల్ మీదుగా మాత్రం తీసుకురావద్దు. అక్కడ సెల్‌కు వేసిన బోల్డ్, రంగులు ఇంపోర్టులో రావు.